బండ్లు తిరిగిన నేలలో కందివేరు

వేళ్లు కడగడం నా ఉద్యోగంలో భాగం కాదు. మైసూరు సంస్థానం వ్యవసాయశాఖలో డెమాన్‌స్ట్రేటరుగా నాకు అప్పజెప్పిన పని వేరు. రైతులకు కొత్త విత్తనాలు చూపించాలి, ఇనుప నాగలి పట్టించాలి, ఎరువు గుంత ఎలా తవ్వాలో చెప్పాలి. పావగడ తాలూకా జనం నన్ను ‘ఎరువయ్యోరు’ అనేవారు. అందులో గౌరవం ఎంతో ఎగతాళి ఎంతో నేను ఏనాడూ తేల్చుకోలేకపోయాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో చెప్పుకోదగినది ఒకటి ఉందంటే, అది ఒక బాన నీళ్లలో కంది వేళ్లు కడగడమే. ఈ శాఖలో కొత్తగా చేరుతున్న మీరు ఆకు చూసి రోగం చెప్పేస్తున్నారని విన్నాను. మంచిదే. కాని చెట్టులో సగం మట్టిలో ఉంటుంది. ఆ సగాన్ని ఎవరూ చూడరు గనుకే దాని మీద ఎవరికి తోచిన కథ వారు కడతారు.

నన్ను పావగడకు పంపడానికి కారణం నా వ్యవసాయ జ్ఞానం కాదు. తుమకూరులో గ్రహణం పట్టిన వేళ నలుగురి ముందు కూర్చుని ఉప్మా తిన్నాను. తిని, తిన్నందుకు ఏమీ కాలేదని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఉప్మాను క్షమించినవారు కూడా ఉపన్యాసాన్ని క్షమించలేదు. వారం తిరక్కుండా బదిలీ వచ్చింది. అప్పట్లో తుమకూరు నుంచి పావగడ పోవాలంటే మైసూరు సంస్థానం దాటి, ఇంగ్లీషువాళ్ల జిల్లాలో కొంత దూరం పోయి, మళ్లీ మైసూరులో అడుగుపెట్టాలి. యుద్ధకాలం కాబట్టి బస్సు పెట్రోలుతో కాక బొగ్గుతో నడిచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి తోసేవాళ్లం. ఆ తోపులాటలో కులం అడిగినవాడు లేడు. బస్సు ఎక్కాక మాత్రం ఎవరి చోటు వారికి గుర్తొచ్చేది.

పావగడ తాలూకాలో, మంగళవాడకు అవతల ఒక ఊరుంది. ఊరికి వెలుపల, గుట్ట మలుపులో, చాలాకాలంగా బీడుగా పడి ఉన్న చిన్న పొలం చెక్క ఒకటి. ఆ బీడును ప్రభుత్వం ఒక ఆదికర్ణాటక రైతుకు మంజూరు చేసింది. ఊరు అంటరానివారన్న జనాన్ని ఆదికర్ణాటకులని సర్కారు కాగితాల్లో రాసేవారు. ఊళ్లో వారిని ఏమని పిలిచేవారో మీకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ రైతు అంతకుముందు ఊరిపెద్ద పటేలు ఇంట జీతగాడు. పటేలు పశువుల కొట్టంలో పడుకుని, పటేలు పెట్టింది తిని పెరిగిన మనిషి. గడువులోగా సాగులోకి తేకపోతే మంజూరు రద్దవుతుందని షరతు. రద్దయితే ఆ కుటుంబం మళ్లీ ఆ కొట్టానికే పోవాలి. పటేలు అందుకు ఎదురుచూస్తున్న సంగతి దాచుకోలేదు కూడా.

నేను మొదటిసారి పోయేసరికి చేలో కంది మోకాలెత్తు ఉంది. చూడగానే ఆగిపోయాను. చెక్క నాలుగు మూలలా పచ్చగా ఉంది. సరిగ్గా నడిమధ్య కూడా, పెళ్లిపందిరంత మేర, పచ్చగా ఉంది. ఈ రెంటికీ మధ్య మాత్రం చుట్టూ వెడల్పాటి కడియంలా పసుపుపచ్చగా వాడిపోయింది. చిన్న చెక్క కాబట్టి సగానికి పైగా ఆ కడియమే మింగేసింది. విత్తనం ఒకటే, విత్తింది ఒకే పూట, చేయి ఒకటే. ముందటేడు కూడా ఇంతేనట. వాన ఉన్నన్నాళ్లు మొక్క బాగానే లేస్తుంది. వాన కాస్త ఎడమిస్తే ఆ చుట్టులోనే తల వాలుస్తుంది.

ఊరికి దీని సంగతి నాకంటే ముందే తెలుసు. ఆ చెక్క ఒకప్పుడు అమ్మవారి తావు. ప్లేగు వచ్చిన ఏడు ఊరు పాత చోటు వదిలి లేచిపోయినప్పుడు అమ్మవారి రాయిని కూడా కొత్త ఊళ్లోకి తీసుకుపోయారు. రాయి పోయినా అమ్మ పోలేదని వాళ్ల మాట. పటేలు తన చేను గట్టు మీద నిలబడి తాపీగా చెప్పాడు.

“మేమేం చేసిందిల్యా అయ్యోరే. అమ్మ గీసిన గీత అది. నడుమ పచ్చగా ఉండాది సూడండి, ఆడ ఆమె కూర్చుంటాది. సుట్టూ ఎవుర్నీ రానీదు. తగనోళ్లు కాలు పెడితే అస్సలే రానీదు.”

నాలుగు మూలలూ ఆమెకెందుకు అక్కరలేకపోయాయని అడిగాను.

“మూలల్లో ఆమెకేం పని? మీ ఆఫీసులో మీరు కుర్చీలో కూర్చుంటారా, మూలన నిలబడతారా?”

వాదనలో నాకు ఎదురు దెబ్బ తగలడం అరుదు. నవ్వు వచ్చినా ఆపుకున్నాను. నవ్వని మనిషి ఆ రైతు భార్య. కలుపు తీస్తున్నదల్లా నడుం ఎత్తి, పటేలుకు వినపడేటట్టుగానే నాతో అన్నది: “అమ్మకి మా కందిచెట్లే కండ్లబడినాయా సామీ? పటేలయ్య చేను దాటుకోని వచ్చిందే, ఆడ ఆకలి కాలేదా ఆమెకి?”

“ఊరుకోమ్మే,” అన్నాడు భర్త. అతను నెమ్మదస్తుడు. పైగా అమ్మవారి గీత అనే మాటను అతనూ నమ్ముతున్నాడు. భార్య సగం నమ్మింది. ఆ మిగతా సగం మీదే నేను నా ఆశ పెట్టుకున్నాను.

ఆకుల కింద పురుగు లేదు. చౌడు పట్టిన నేల కాదు. మా ఇన్‌స్పెక్టరుగారికి రాశాను. మంచి మనిషి. ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, పశువుల ఎరువు. ఎకరానికి ఇన్ని బండ్లని రాసి పంపేవారు. బండి లేని మనిషి ఎరువు ఎలా తోలుతాడని ఆయన ఆలోచించేవారు కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు. ఆ వేసవంతా భార్యాభర్తలు గంపలతో మోసి చేనంతా చల్లారు. మరుసటి ఏడు ఆ చుట్టులో కంది మునుపటి కంటే జోరుగా లేచింది. మా ఇన్‌స్పెక్టరుగారు దాన్ని చూసి సంతోషించి పోయారు. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఎరువు వేయని ఏడు కంటే ముందుగా, ఎక్కువగా వాడింది.

ఇది నాకు అవమానంగా తోచింది. కాని అసలు సంగతి తెలిసిందీ దీనివల్లే. ఆకలితో చస్తున్న మొక్కైతే అన్నం పెట్టగానే బతకాలి. అన్నం పెడితే ఇంకా ముందే చచ్చిందంటే రోగం ఆకలి కాదు. నోటి దగ్గరే ఏదో ఉంది. మొక్కకు నోరంటే వేరు కొనే. సరే, తవ్వి చూద్దామనుకున్నాను.

వేరు పీకి చూడడం వేరు, తవ్వి చూడడం వేరు. పీకితే పిల్లవేళ్లన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి, చేతికి వచ్చేది కర్ర. అందుకని మొక్కకు పక్కగా గుంత తీసి, ఆ గుంత గోడను కొంచెం కొంచెంగా నీళ్లతో కరిగిస్తూ పోవాలి. నీళ్లకు కరువైన తాలూకాలో వేళ్లకు స్నానం చేయిస్తున్నాడని ఊరంతా గట్టు మీద చేరి నవ్వారు. మొదట మూలలో ఉన్న పచ్చని మొక్కను తీశాను. తల్లివేరు నా చేయికంటే పొడవుగా సూటిగా దిగింది. దాని ఒంటి నిండా పిల్లవేళ్లు, అంతస్తులు అంతస్తులుగా, పైన కొన్ని, నడుమ కొన్ని, అడుగున చల్లని మట్టిలో మరికొన్ని.

తర్వాత కడియంలో వాడిన మొక్క. తల్లివేరు జానెడు దిగి, మోచేతిలా అడ్డంగా వంగిపోయింది. కొన నల్లబడి మొద్దుబారింది. వంపు దగ్గర నుంచి చీపురులాగా పిల్లవేళ్లు గుంపుగా పుట్టి, అన్నీ పక్కలకూ పైకీ, మేము చల్లిన ఎరువు వైపు పాకాయి. వేరు వంగిన చోట గడ్డపార దించాను. టంగుమంది. పైన రైతు కొయ్య నాగలి తిరిగినంత మేర గుల్ల మట్టి, దాని కింద కాల్చిన పెంకులాంటి గట్టి పొర. ఆ పొర పగలగొట్టి చూస్తే అడుగున మళ్లీ మామూలు నేల, చేతికి తడి కూడా తగిలింది. మూలల్లోనూ నడిమధ్యనా అలాంటి పొర లేదు.

ఏమిటో తెలిసింది. ఎందుకో తెలియలేదు. కళ్లం తొక్కించిన చోటేమో అనుకున్నాను గాని, అంత పెద్ద కళ్లం ఎవరు వేస్తారు? ఇంతలో గడువు తీరి, తాలూకా అధికారి అమల్దారుగారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది.

అమల్దారుగారు పాత మైసూరు వైపు మనిషి. పూజ చేయకుండా పచ్చి నీళ్లు ముట్టరు, ఫైలు చదవకుండా సంతకమూ పెట్టరు. వాడిన చేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, రైతు వైపు జాలిగా చూశారు. ఆ చూపులో రద్దు ఉత్తరువు అప్పటికే సగం కనిపించింది. రైతు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. భార్య మాత్రం గట్టు దిగి నేను తవ్విన గుంత దగ్గర నిలబడింది.

నేను నా పై పంచె నేల మీద పరిచి, కడిగిన రెండు మొక్కలనూ దాని మీద పడుకోబెట్టి, నాకు తెలిసింది చెప్పాను. అమల్దారుగారు శ్రద్ధగా విని కన్నడంలో ఒక ప్రశ్న వేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది మంచి ప్రశ్నే అంటాను. వాడిన మొక్కకే పిల్లవేళ్లు ఎక్కువగా ఉన్నాయి గదా, ఎక్కువ నోళ్లున్నది ఎక్కువ తాగి బతకాలి గదా, అని.

జేబు కత్తితో వేరును నిలువునా చీల్చి చూపించాను. పిల్లవేరు తల్లివేరు పైతోలు మీద మొలిచింది కాదు. లోపలి నరాన్ని ఆనుకుని పుట్టి, తోలును చీల్చుకుని బయటికి వస్తుంది. తల్లివేరు కొన సజీవంగా దిగుతున్నంతకాలం తన దగ్గరలో పిల్లలను పుట్టనీయదు, దూరం దూరంగా పుట్టనిస్తుంది. కొన ఆగిపోతే ఆ అదుపు పోతుంది. అన్నీ ఒక్కచోటే పుడతాయి, తడి ఎటుంటే అటు పోతాయి. వీటికి అందిన తడి పై నాలుగు అంగుళాల మట్టిలోదే. నోళ్లు నూరున్నా గిన్నె ఒకటే. అది ఎండితే అన్నీ ఒకే రోజు ఎండుతాయి. పచ్చమొక్కకు నోళ్లు తక్కువైనా గిన్నెలు ఎక్కువ.

అమల్దారుగారు తల ఊపారు. అప్పుడు పటేలు ముందుకొచ్చాడు. తెలివిగలవాడని ముందే చూశారు గదా.

“అయ్యోరు చెప్పింది నిజమే సామీ. గట్టి పొర ఉండాది. మేం కాదంటామా? ఆ పొరను గుండ్రంగా ఎవురు పెట్టినారని నేనడిగేది. మడిసి పెట్టేది కాదు గదా. గాలి పెట్టలే, వాన పెట్టలే. మరి అమ్మ గాక ఎవురు?”

సభల్లో ఇలా చిక్కుకున్నప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. కాని అక్కడ గొంతు పెంచితే పోయేది నా పరువు కాదు, వాళ్ల భూమి. వంగి పంచె మీది వేళ్లను సర్దాను.

పటేలు పెదనాయన కూడా ఆనాడు వచ్చి ఉన్నాడు. కళ్లు దాదాపు పోయిన ముసలాయన. అమల్దారు వచ్చాడంటే తనకూ కుర్చీ వేయాలని పట్టుబట్టి బండిలో వచ్చి కూర్చున్నాడు. అప్పటిదాకా కునుకుతున్నవాడు, తమ్ముడి కొడుకు గొంతు విని లేచాడు.

“యాడికొచ్చినామురా? అమ్మ పాత తావుకేనా? మరి ఈడ కంది గింది అంటారేంది? ఇది బండ్లు తిప్పే తావు గదరా.”

ఏ బండ్లని అమల్దారుగారు అడిగారు. తెలుగు అర్థమయ్యేది గాని మాట్లాడేవారు కాదు. నేను తెలుగులో అడిగాను. ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఆయన్ని ఆ సంగతి ఎవరూ అడిగి ఎన్నేళ్లయిందో.

“ఉగాది జాతరకి సామీ. ముందునాడే కపిలబాయిలో మోట తోలి నీళ్లు మళ్లిచ్చి, ఎద్దులతో తొక్కిచ్చి, బురద చేసేవాళ్లం. ఊరూరి బండ్లు వచ్చి ఆ బురదలో అమ్మ సుట్టూ తిరగల్ల. కూరుకుంటే పరువు పాయె. నా ఎద్దులు ఒక్క ఏడూ కూరుకోలే. వీళ్ల నాయనవి కూరుకునె.”

గట్టు మీద జనం నవ్వారు. పటేలు నవ్వలేదు. కొత్త ఊళ్లో అమ్మవారిని సందులో పెట్టారు. బండి తిరిగే చోటు లేక ఆ వాడుకే పోయింది. ముసలాయన ఈడు వాళ్లు పోయారు, తర్వాతివాళ్లకు గుర్తు లేదు.

బండ్లు ఎంత మేర తిరిగేవో చూపించగలరా అని అమల్దారుగారు అడిగించారు. “నా చేయి పట్టుకోరా,” అన్నాడు ముసలాయన. పటేలు పట్టుకోక తప్పలేదు. అమ్మ రాయి ఉండిన చోట తనను నిలబెట్టమన్నాడు. పచ్చని నడిమధ్యలో నిలబెట్టారు. అక్కడి నుంచి కర్ర తాటించుకుంటూ నడిచి ఒకచోట ఆగి, ఎడమకు తిరిగి, చుట్టు మొదలుపెట్టాడు. ఎక్కడ ఎవరి బండి దిగబడిందో, ఎక్కడ ఎవరి ఎద్దు మోకరిల్లిందో చెప్పుకుంటూ నడిచాడు. ఆయనకు ఆకులు కనపడవు. కాళ్ల కింద ఎండిన కంది చిటపటమనడం మాకందరికీ వినపడుతూనే ఉంది. ఆ చుట్టంతా ఒక్క పచ్చమొక్క మీద కూడా ఆయన కాలు పడలేదు. వెంట చేయి పట్టుకుని పటేలు నడుస్తున్నాడు.

చుట్టు పూర్తయ్యేసరికి ఇక అడగవలసిన ప్రశ్న మిగల్లేదు. ఎన్ని తరాల బురద, ఎన్ని చక్రాలు, ఎన్ని ఎండలో! ఆ పొర మనుషులు పెట్టిందే, ఎంతో భక్తితో పెట్టారు. అయినా పటేలు గొంతు సవరించుకుని, అది అమ్మ సేవకు చేసిన నేల గాబట్టి... అని ఏదో మొదలుపెట్టాడు. అమల్దారుగారు చేయెత్తి ఆపారు. చక్రమైనా అమ్మవారైనా ఇది రైతు సోమరితనం కాదు, షరతు సోమరితనానికే వర్తిస్తుంది అన్నారు. ఒక ఏడు గడువు పెంచారు. నా కోరిక మీద, కడియంలో సగం పొర పగలగొట్టి సగం అలాగే వదిలేయాలని, ఏడాది తర్వాత తామే వచ్చి చూస్తామని ఉత్తరువులో రాశారు. పోతూ పోతూ వంగి ఆ మట్టిని కళ్లకద్దుకున్నారు. నా నాలుక దురద పెట్టింది గాని, ఆ పూట దాన్ని అదుపులో ఉంచాను.

మొదటి వానలు పడి నేల మెత్తబడ్డాక పోయాను. గడ్డపార గుడిసె గోడకు ఆనించినట్టే ఉంది. పొర గురించి నేను చెప్పిందంతా రైతు ఒప్పుకున్నాడు. బండ్ల సంగతీ ఒప్పుకున్నాడు. తవ్వడానికి మాత్రం చేయి రావడం లేదు.

“పిల్లోల్లుండారు సామీ నాకి. యేమన్నా అయితే?”

తర్కంలో నన్ను ఓడించినవారు తక్కువ. బిడ్డల మీద భయం పెట్టుకున్న మనిషికి ఏ తర్కం చెప్పను? నాకూ ఒక కూతురుందన్నాను. గడ్డపార తీసుకుని నేనే కడియంలో దిగాను. కలం పట్టే చేతులు కాబట్టి పావుగంటకే బొబ్బలెక్కాయి. మంచం వెడల్పు మేర పగలగొట్టి, ఇక చేతకాక కూలబడ్డాను. మా అమ్మాయికి ఏమవుతుందో నెలరోజులు చూస్తానన్నాడతను. ఆ నెలలో మా అమ్మాయికి జలుబు చేసింది. నేను బయటికి పొక్కనీయలేదు.

ఆ నెల కూడా ఆగకుండా అతని భార్యే మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. “నెలయినాక పదును ఉంటాదా? నువ్వు భయపడతా కూర్చో, నేను తవ్వతా ఉంటా,” అన్నదట. ఆమె ఒక్కతే తవ్వుతుంటే చూస్తూ కూర్చోలేక అతనూ దిగాడు.

ఆ ఏడు కూడా వాన మధ్యలో మానేసింది. పావగడలో దానికి లోటు లేదు. పొర పగిలిన సగం కడియం పచ్చగా నిలబడింది, వదిలేసిన సగం ఎప్పటిలాగే తల వాల్చింది. అమల్దారుగారు వచ్చి చూసి మంజూరును ఖాయం చేశారు. ఊరు మాత్రం అమ్మ సగం కనికరించిందని చెప్పుకుంది. మరుసటి ఏడు మిగతా సగం కూడా తవ్వితే అమ్మ పూర్తిగా కనికరించింది.

తనిఖీ ముగిశాక, రెండు సగాలూ కలిసే సరిహద్దులో ఒక మొక్కను ఎంచుకుని తవ్వి కడిగాను. నా జీవితంలో అంత చక్కని వేరు చూడలేదు. తల్లివేరు పగిలిన వైపుకు జరిగి దిగిపోయింది. ఆ వైపున పిల్లవేళ్లు లోతు లోతునా బారులు తీరాయి. పగలని వైపున పైపైనే నాలుగు పోగులు, ఎండి ముడుచుకున్నవి. ఒకే మొక్క, ఒకే వాన, రెండు బతుకులు. దాన్ని ఆఫీసుకు తీసుకుపోదామనుకున్నాను. రైతు భార్య అడిగింది. ఇచ్చేశాను.

కొన్నాళ్లకు నాకు బదిలీ అయింది. చెప్పి పోదామని ఆ గుడిసెకు వెళ్లాను. వాకిట తలుపు మీద, గుమ్మడికాయ కట్టే చోట, ఆ వేరు వేలాడుతున్నది. ఒళ్లంతా పసుపు. గ్రహణాలతో, ముహూర్తాలతో ఇన్నేళ్లు పోట్లాడి, చివరికి నేనే ఒక దిష్టితాయెత్తు తయారుచేసి ఇచ్చానా? ఉపన్యాసం నాలుక చివరికి వచ్చింది.

“అమ్మా, వేరుకు పసుపెందుకు పూసినావు?” అన్నాను.

“పురుగు పట్టకుండా సామీ.”

“మరి దిష్టికి కట్టినట్టు వాకిట కట్టడం ఎందుకు?”

ఆమె నన్ను కాస్త వింతగా చూసింది. “దిష్టికి ఎవురు కట్టినారు? లోపల ఎలకలుండాయి. మీరు బదిలీ అయి పోతారు, అమల్దారూ పోతాడు. పటేలయ్య యాడికీ పోడు. రేపు ఎవుడన్నా వచ్చి ఇది అమ్మ గీత అంటే, దించి సూపిచ్చేకి ఉండాల గదా.”

ఉపన్యాసం వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆమె ముంతలో అంబలి తెచ్చి ఇచ్చింది. నిలబడే తాగాను. వేరుకు పగిలిన వైపున్న ఒక పోగు దూలానికి తగులుకుని వంగి ఉంది. సరిచేద్దామని చేయి ఎత్తాను.

“ముట్టుకోవద్దు సామీ,” అందామె. “ఇరిగిపోతాది.”